ఒక్క రింగు మనిషి

గోడ కనిపిస్తే వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినే అలవాటు నాకు ఒకాయన నుంచి అంటుకుంది. ఆసుపత్రి గోడయినా, బ్యాంకు గోడయినా సరే. జనం చూస్తారు. చూడనీ. ఆయన్ని కూడా అలాగే చూసేవారు.

ఆయన బహ్రెయిన్‌లో ఇరవై ఏళ్లకు పైగా గోడలకు ప్లాస్టరింగ్ చేశాడు. జగిత్యాల దగ్గర ఊరు. గుదైబియాలో మా దుకాణం వెనక సందులో, పాత బిల్డింగు మూడో అంతస్తులో ఏడుగురితో కలిసి ఉండేవాడు. అందరికీ కాకాయే. నేను ఆ సందు మొదట్లో ఉన్న చిన్న మొబైల్ దుకాణంలో కౌంటర్ మనిషిని. సిమ్ములు అమ్మడం, రీచార్జులు, అడిగినవాళ్లకు ఆన్‌లైన్లో విమానం టికెట్లు తీయడం నా పని. మాది కాకినాడ. మొదటి రోజు నేను "మీరు ఎక్కడ పని చేస్తారండీ?" అని అడిగితే ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"మీరు అంటె ఎవరు బిడ్డా? నేనొక్కన్నే వచ్చిన."

ఆ తర్వాత మా దుకాణం గోడ మీద రెండుసార్లు కొట్టాడు. తల అడ్డంగా ఊపాడు. "డొల్ల. ఎవడు పూసిండో గని మనసు పెట్టలే. గోడకు అబద్ధం చెప్పుడు రాదు బిడ్డా. కొడితె చెప్పేస్తది."

ఆయన ఫోన్ బటన్ల ఫోను. సిమెంటు దుమ్ము పడకుండా దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేసేవాడు. ఇంటికి ఫోన్ చేయాలంటే ముందు స్నానం, తర్వాత తల దువ్వుకోవడం, ఆపైన చొక్కా. గదిలో వాళ్లు నవ్వితే, "బనీను మీద మాట్లాడితె గొంతు సుత బనీను మీద ఉన్నట్టె వినపడ్తది" అనేవాడు. చెప్పులు విడిచి మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడేవాడు. జగిత్యాల ఎంత దూరమో అంత గట్టిగా మాట్లాడాలని ఆయన నమ్మకం. కింద కెఫెటేరియాలో చాయ్ పోసే మలయాళీకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా కాకా ఇంటి సంగతులన్నీ అతనికి తెలుసు. కాకా మేడ దిగి రాగానే, "చాచా, భైంస్ ఠీక్ హువా?" అని అడిగేవాడు. కాకా, "ఠీక్. బర్రె గడ్డి తింటున్నదట" అని తెలుగులో జవాబు చెప్పేవాడు.

నంబరు కలవకపోతే ఫోన్లో ఒక ఆడగొంతు అరబ్బీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెబుతుంది కదా. మనమంతా సగంలోనే కట్ చేస్తాం. కాకా పూర్తిగా వినేవాడు. విని, "సరె తల్లీ, మల్ల చేస్త" అని చెప్పి పెట్టేసేవాడు.

"కాకా, అది రికార్డింగు. మనిషి కాదు" అన్నాను ఒకసారి.

"ఎరుకే. ఎప్పుడో ఒకనాడు మనిషే గద చెప్పింది? పాపం, రెండు భాషల్ల చెప్పినా ఒక్కడు సుత పూర్తిగ వినడు."

అయితే ఆయన మాట్లాడిన ఫోన్లు తక్కువ. ఇచ్చిన మిస్డ్ కాల్సే ఎక్కువ. వాటికొక శాస్త్రం ఉంది. ఒక్క రింగు వచ్చి ఆగిపోతే, లేచిన, మంచిగున్న అని అర్థం. రెండయితే తిన్న, పనికి పోతున్న. మూడయితే ఫోన్ చెయ్యి, మాట్లాడేదుంది. నాలుగయితే ఇవ్వాళ కోపంలో ఉన్న, చెయ్యకు. ఇది ఎక్కువగా ఇంటామె వాడేదట. ఇంటర్నెట్ మీద ఊరికే మాట్లాడుకునే రోజులొచ్చాక కూడా, గదిలో వాళ్లంతా రాత్రీ పగలూ భార్యల ముఖాలు చూస్తూ పోట్లాడుకుంటున్నా, ఈ మొగుడూపెళ్లాలు రింగుల్లోనే కాపురం చేశారు. నేను పెద్ద ఫోన్ అమ్మాలని చూశాను. "వద్దు బిడ్డా. మాట్లాడితె మాట పెరుగుతది. రింగు పెరగదు" అన్నాడు.

ఇంకొకటి ఉంది. ఆగకుండా మోగిందే మోగితే, ఫోన్ ఎత్తొద్దు, తిరిగి చేయొద్దు, ఎవరినీ ఏమీ అడగొద్దు. బయలుదేరి రావాలి. అంటే ఇంట్లో ఎవరో పోయారని.

"అడిగితే పోయిందేముంది కాకా?" అన్నాను.

అప్పుడు చెప్పాడు. వచ్చిన కొత్తలో హిద్ దగ్గర కూలీల క్యాంపులో ఉండేవాడు. ఫోన్ కార్డు కొనుక్కుని డబ్బా ముందు లైన్లో నిలబడి మాట్లాడాలి. "నా వంతు వచ్చింది. చేసిన. నన్ను కన్న అవ్వ పోయిందన్నరు. వెనక పదిమంది ఉన్నరు. 'యల్లా భాయ్, యల్లా', జల్ది జరుగు అంటున్నరు. ఏడ్వాల్నా, జరుగాల్నా?" మా కౌంటరు అద్దం మీద దుమ్ము తుడిచాడు. "జరిగిన. గంతే. చావు కబురు ఫోన్ల వినద్దు బిడ్డా. పోయి చూడాలె."

నేను ఆ పని చేసేనాటికి ఆయన ఈ మాట నాకు చెప్పి ఏడాది కూడా కాలేదు.

నెలాఖరు గురువారం. కాలర్ ట్యూన్ అని ఒక సర్వీసు ఉంది. మనకు ఫోన్ చేసినవాళ్లకు రింగు బదులు పాట వినిపిస్తుంది. ఆ నెల మా దుకాణానికి ఇన్ని పాటలు పెట్టించాలని టార్గెట్ వచ్చింది. నాకు ఇంకా ముప్పై తక్కువ పడ్డాయి. మొదటి నెల ఉచితమే కదా, వచ్చే నెల తీసేద్దాంలే అనుకుని, మాకు తెలిసిన కస్టమర్ల నంబర్లు వరసగా కంప్యూటర్లో కొట్టుకుంటూ పోయాను. ఎవరినీ అడగలేదు. ఎవరి నంబరు ఏదో కూడా చూడలేదు. పాట ఎంచుకునే ఓపిక కూడా లేదు. జాబితాలో మొదట ఉన్న అరబ్బీ పాటే అందరికీ పెట్టాను. ఊద్ వాయిద్యం మీద ఒకావిడ పాడుతుంది. టార్గెట్ పూర్తయింది. ఆ సాయంత్రం అద్లియా వెళ్లి బిర్యానీ తిన్నాను.

మర్నాడు శుక్రవారం పొద్దున, కాకా చేతిలో ఫోన్ ఆగకుండా మోగింది.

ఆయన ఎత్తలేదు. తిరిగి చేయలేదు. చొక్కా వేసుకుని ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లాడు. అక్కడ జరిగింది ఆయన గదిలో ఉండే కుర్రాడు తర్వాత నటించి చూపించాడు.

"కౌన్ మర్‌గయా?" అన్నాడట ఫోర్‌మన్.

"మాలూం నహీ."

"ఫోన్ కర్‌కే పూఛో!"

"పూఛ్‌నా మనా హై సాబ్."

పోయిందెవరో తెలియదు, అడగటానికి వీల్లేదు, కానీ సెలవు కావాలి. ఫోర్‌మన్ ఉద్యోగంలో చేరాక ఇలాంటి దరఖాస్తు ఎప్పుడూ చూసి ఉండడు. "పోతే పో. కానీ ఇది రెండేళ్లకోసారి వచ్చే నీ సెలవులోంచే పోతుంది" అన్నాడు.

ఆ సెలవు సంగతి సందులో అందరికీ తెలుసు. ఊళ్లో కాకా ఇల్లు కడుతున్నాడు. ఇంకో రెండు నెలల్లో ఇటుక పని అయిపోతుంది. అప్పుడు ఆ సెలవు మీద వెళ్లి, ముందు గోడ తన చేత్తో పూయాలని పెట్టుకున్నాడు. "ఇంతమంది షేకుల ఇండ్లు పూసిన. నా ఇల్లు ఇంకోడు పూస్తె ఎట్ల?" అని ప్రతివారం వినేవాళ్లం. ఆ సెలవును తీసుకొచ్చి శనివారం నా కౌంటర్ మీద పెట్టాడు, టికెట్ తియ్యమని.

నేను టికెట్ వెతుకుతుంటే ఆయన కుర్చీలో కూర్చుని, పోయింది ఎవరై ఉంటారా అని లెక్క చూసుకుంటున్నాడు.

"పెద్దమ్మ కావచ్చు. ఆమె పదేండ్ల సంది ఇవ్వాళా రేపా అంటున్నది. మా బావ కావచ్చు. బావ అయితె..." కొంచెం ఆలోచించాడు. "బావ అయితె నేను మరీ అంత ఏడ్వ."

"బర్రె కాదు కదా కాకా?" అన్నాను, నవ్విద్దామని.

"బర్రెకు అంత రింగు ఇయ్యరు" అన్నాడు, చాలా గంభీరంగా. మళ్లీ మెల్లగా, "మా ఇంటామె అయితె... రింగు ఇచ్చేది ఆమెనే గద. ఆమె అయితె ఎవరిస్తరు?" అన్నాడు. అని ఇక లెక్క చూడటం మానేశాడు.

ఆ సాయంత్రం దుకాణం వ్యాన్లో నేనే ఆయన్ని ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లాను. ఆయన్ని గుమ్మం దగ్గర దింపి, వ్యాన్ పార్కింగులో పెట్టి లోపలికి వచ్చేసరికి కనిపించలేదు. ఎక్కడున్నాడో అడుగుదామని ఫోన్ చేశాను.

రింగు రాలేదు. ఊద్ మోగింది. ఒకావిడ పాడటం మొదలుపెట్టింది.

నాకు అర్థం కావటానికి ఆ పాటలో ఒక చరణం పట్టింది. పొద్దున లేచి ఒక్క రింగు ఇద్దామని ఫోన్ చేసిన మనిషికి అక్కడ రింగే వినపడలేదు. ఆడమనిషి పాట వినపడింది. లెక్కపెట్టి కట్ చేయడానికి ఏముంది? పాట అయిపోయేదాకా విని ఉంటుంది. ఇక్కడ ఈయన ఫోన్ ఆగకుండా మోగింది. అంతే. ఎవరూ పోలేదు.

అప్పుడే కాకా కనిపించాడు. అద్దానికి అవతల, లోపలికి వెళ్లే వరసలో ఉన్నాడు. సంచి కాళ్ల మధ్య పెట్టుకుని, పక్కనున్న స్తంభాన్ని వేలి కణుపుతో కొట్టి వింటున్నాడు. బాగుందన్నట్టు తలూపాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు.

నేనూ ఊపాను.

పది అడుగులు వేసి అద్దం మీద కొట్టి ఉంటే సరిపోయేది. "కాకా, ఎవరూ పోలేదు, అది నా తప్పు" అంటే చాలు. ఆయన సెలవు, ఆయన గోడ దక్కేవి. నా ఉద్యోగం పోయేదేమో. అదీ తప్పకుండా పోతుందని కాదు, పోతుందేమో అంతే. ఆ ఏమో కోసం చెయ్యి ఊపుతూ నిలబడ్డాను. వరస కదిలింది. ఆయన వెళ్లిపోయాడు.

తిరిగి వస్తుంటే వ్యాన్లో నేను కోరుకున్నది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అక్కడ నిజంగా ఎవరైనా పోయి ఉంటే బాగుండునని కోరుకున్నాను. నేనెన్నడూ చూడని ఆ పెద్దమ్మ పోయి ఉండాలని గుదైబియా వచ్చేదాకా దేవుడికి దండం పెట్టుకున్నాను. దుకాణానికి రాగానే ముప్పై నంబర్లకూ పాట తీసేశాను.

పెద్దమ్మ పోలేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు బతికింది.

పన్నెండు రోజులకు తిరిగొచ్చిన కాకా సరాసరి దుకాణానికే వచ్చాడు. ఊళ్లో ఏం జరిగిందో చెప్పాడు. మూలమలుపు దగ్గర ఆటో దిగుతూనే ఏడవటం మొదలుపెట్టాడట. ఈయన ఏడుస్తుంటే చూసి అరుగుల మీద వాళ్లు లేచి వచ్చారు. వాళ్లూ ఏడ్చారు. కాసేపయ్యాక ఒకాయన కళ్లు తుడుచుకుని, "ఎవరు పోయిండ్రు?" అని అడిగాడు.

"మీరే చెప్పాలె" అన్నాడు కాకా.

అందరూ కలిసి ఇంటికి వెళ్తే, ఇంటామె చీపురు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఒక్కనివే వచ్చినవా? పాటలామె ఏది? తోలుకరాలేదా?" అందట.

"ఆడమనిషి ఎత్తిందట బిడ్డా నా ఫోను. ఎత్తి పాట పాడిందట. మా ఇంటామె, ఎంతసేపు పాడుతదో చూద్దామని చివరిదాక విన్నదట" అన్నాడు కాకా నాతో. ఆయన ముఖంలో కోపం లేదు. తెలియని విషయం తెలిసినవాణ్ణి అడుగుతున్నట్టుంది. "అవ్వతోడు, నా దగ్గర ఎవ్వరు లేరంటె నమ్మది. నువ్వు ఫోన్ల పని ఎరిగినోనివి. ఎట్లయింది ఇది?"

ఆయన నా కళ్లలోకి చూస్తున్నాడు. ఇది రెండో అవకాశం.

"క్రాస్ కనెక్షన్ కాకా" అన్నాను.

"క్రాస్ కనెక్షన్" అని మెల్లగా పలికి చూశాడు. తృప్తిపడ్డాడు. సంచిలోంచి పొట్లం తీసి కౌంటర్ మీద పెట్టాడు. "సకినాలు. టికెట్ కోసం కష్టపడ్డవు గద."

తిన్నాను. నువ్వులు దండిగా వేసిన సకినాలు, బాగున్నాయి. నా జీవితంలో నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి. తలుచుకుంటే నోట్లో నువ్వుల రుచి వచ్చే తప్పు మాత్రం అదొక్కటే.

ఆ రోజు నుంచి కాకా తనకు అర్థం కానివాటన్నిటికీ నా మాటే వాడాడు. ఫోర్‌మన్ ఊరికే తిడితే క్రాస్ కనెక్షన్. కడుపునొప్పి వస్తే, "పొట్టల క్రాస్ కనెక్షన్ అయింది." వేసవిలో వాన పడితే ఆకాశం వైపు చూసి అదే మాట. నవ్వులే నవ్వులు. నేనూ నవ్వేవాణ్ణి. విన్న ప్రతిసారీ నా లోపల డొల్లగా వినపడేది. ఇంటామె మాత్రం నమ్మలేదట. ఏ చిన్న మాట వచ్చినా, "పో, ఆ పాటలామె దగ్గరికే పో" అనేదట. "నాలుగు రింగులు ఎక్కువైనయి బిడ్డా ఈ నడుమ" అని ఆయనే చెప్పాడు.

ముందు గోడ వేరే మేస్త్రీ పూశాడు.

నాలుగేళ్ల తర్వాత కాకా ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. వెళ్తూ నన్ను కూడా ఆ శాస్త్రంలో చేర్చుకున్నాడు. ప్రతి శుక్రవారం పొద్దున ఆయన ఊరి నంబరు నుంచి ఒక్క రింగు వచ్చేది. మంచిగున్న అని. నేను తిరిగి ఒక్క రింగు ఇచ్చేవాణ్ణి. ఒక్క రింగులో తప్పు ఒప్పుకోవడానికి వీలుండదు. అదే నాకు సుఖంగా ఉండేది.

పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం, కాకా ఇంటామె నంబరు నుంచి నా ఫోన్ మోగింది. ఒకటి, రెండు, నాలుగు దాటింది. ఆగలేదు.

నేను ఎత్తలేదు. మా దుకాణం యజమాని దగ్గరికి వెళ్లి సెలవు అడిగాను.

"ఎవరు పోయారు?" అన్నాడు.

"తెలియదు సార్."

"ఫోన్ చేసి కనుక్కో."

"అడగకూడదు సార్."

ఆయన నన్ను ఎగాదిగా చూసి సెలవిచ్చాడు. జ్వరం వచ్చినవాడిని చూసినట్టు చూశాడు.

హైదరాబాదులో దిగి, బస్సులో జగిత్యాల, అక్కడి నుంచి ఆటో. మూలమలుపు దగ్గర దిగాను. నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇల్లు ఎవరినీ అడగక్కర్లేకపోయింది. ముందు గోడ చూడగానే తెలిసింది. సగం నుంచి పైకి ఒక రంగు, కిందికి ఒక రంగు. మధ్యలో అడ్డంగా గీత.

ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన గూట్లో ఫోటో, ఫోటో ముందు పాలిథిన్ కవర్లో ఫోను.

"నువ్వు దుకాణం పిలగానివా?" అంది. "నిజంగనే వచ్చినవా?"

"ఆగకుండా మోగితే రావాలి కదా చిన్నమ్మా."

"అయ్యో బిడ్డా! నీకు ఒక్క రింగే ఇద్దామనుకున్న. ఆయన లేకున్నా ఇయ్యాలె గదా అని. ఏడ్సుకుంట ఏడ్సుకుంట కట్ చేసుడు మర్సిన."

ఈసారి మాత్రం పొరపాటున మోగిన రింగు నిజమే చెప్పింది.

నీళ్లిచ్చింది. గోడ సంగతి నేను అడగకుండానే చెప్పింది. "వచ్చిన తెల్లారే సుత్తె పట్టిండు. మంచిగున్న గోడను గీకి గీకి పడేసిండు. ఇంకోని చెయ్యి నా ఇంటి మీద ఉండద్దన్నడు. పైనుంచి సగందాక గీకి పూసిండు, కింద ఇంకా ఆ మేస్త్రీదే. నడుము పట్టుకున్నది. రేపు, ఎల్లుండి అనుకుంట ఉన్నడు. గట్లనె పాయె."

నేను లేచి గోడను కొట్టాను. నా చెయ్యి అందినంత మేరా ఆ మేస్త్రీ పూతే, డొల్లే. కాకా పూసింది గీతకు పైన, నాకు అందనంత ఎత్తులో ఉంది.

అక్కడే గోడ వైపు తిరిగి చెప్పేశాను. గురువారం, టార్గెట్, ముప్పై నంబర్లు, ఎయిర్‌పోర్టు అద్దం, పెద్దమ్మ, సకినాలు. చెప్పటం అయిపోయాక కూడా చాలాసేపు వెనక్కి తిరగలేదు.

"ఆ పాటలామె..." అంది చిన్నమ్మ.

"ఎవరూ లేరు చిన్నమ్మా. నేను పెట్టిన పాట. ఎవరినీ అడక్కుండా పెట్టాను."

వెనక్కి తిరిగి చూస్తే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది. తర్వాత ఏడ్చింది. "అయితె నిజమే చెప్పిండా? ఆ మొండోడు! ఇన్నేండ్లు నా నోట్ల పడుకుంట..." చీపురు కోసం చూసింది, అది దూరంగా ఉంది. చేతికందిన తువ్వాలు నా మీదికి విసిరింది. "నువ్వా! నువ్వా! సకినాలు నేనే చేసిన గదరా, నడుము విరగంగ!"

"బాగున్నాయి చిన్నమ్మా" అన్నాను.

ఇంకో తువ్వాలు లేదు కాబట్టి బతికిపోయాను. అన్నం పెట్టింది. తింటుంటే చెప్పింది. రోజూ పొద్దున పాత అలవాటుగా కాకా నంబరుకు ఫోన్ చేస్తోందట. చార్జింగు లేక ఆ ఫోన్ ఆగిపోయి ఉంది. "స్విచాఫ్ అని ఒకామె చెప్తది. సరె తల్లీ అని పెట్టేస్త. ఆయన గట్లనె అనేటోడు గద."

చెయ్యి కడుక్కుని, గూట్లోని ఫోన్ కవరు విప్పాను. మూలన చార్జరు ఉంది. పెట్టాను. కాసేపటికి దీపం వెలిగింది. నాకు చేతనైన పని అదొక్కటే. దాంతోపాటు నోటికొచ్చిన మాట కూడా అనేశాను.

"చిన్నమ్మా, ఆ అరబ్బీ పాట ఇక్కడ దొరకదు. తెలుగు పాట ఏదైనా పెట్టమంటారా దీనికి?"

ఆమె వెలిగిన ఫోన్ వైపు, తర్వాత నా వైపు చూసింది.

"ఇప్పుడు అడుగుతున్నవా బిడ్డా?" అంది. "వద్దు. రింగులే ఉండనీ. లెక్కపెట్టుకోవాలె."

కొంగుతో చేతులు తుడుచుకుంది. తల సవరించుకుంది. తన ఫోన్ తీసి నొక్కి, చెవికి పెట్టుకుంది.

గూట్లో ఫోన్ ఒక్కసారి మోగింది.

ఈసారి కట్ చేయడం మర్చిపోలేదు.